‘హోమ్ అలోన్’ కథలో పూడ్చిన లొసుగులు, వదిలేసిన ప్రశ్నలు

జాన్ హ్యూస్ రాసి, నిర్మించి, క్రిస్ కొలంబస్ దర్శకత్వం వహించిన ‘హోమ్ అలోన్’ 1990 నవంబరు 16న అమెరికాలో విడుదలైంది. సుమారు 1.8 కోట్ల డాలర్లతో తయారైన ఈ కుటుంబ హాస్య చిత్రం ప్రపంచవ్యాప్తంగా 47 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. చికాగో శివారులో ఉండే మెకాలిస్టర్ల కుటుంబం క్రిస్మస్ సెలవులకు పారిస్ బయలుదేరుతూ ఎనిమిదేళ్ళ కెవిన్‌ను ఇంట్లోనే మరచిపోతుంది. ఆ ఇంటిని దోచుకోవడానికి వచ్చిన ఇద్దరు దొంగలను పిల్లవాడు ఒక్కడే ఎదుర్కొంటాడు. కన్నతల్లి బిడ్డను ఎలా మరచిపోతుంది, వాడు పోలీసులను ఎందుకు పిలవడు, ఫోన్ తీగలు తెగిన ఇంటికి పిజ్జా ఎలా వచ్చింది అన్న ప్రశ్నలు ఈ సినిమా చూసిన ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు తడతాయి.

ఈ ప్రశ్నలన్నింటినీ ఒకే గాటన కట్టి ‘లాజిక్ లేని సినిమా’ అనేయడం సులువే గాని, అది ఈ స్క్రీన్‌ప్లేకు న్యాయం చేయదు. సినిమాను నిదానంగా, చేతిలో కాగితం పెట్టుకుని చూస్తే అందులోని లొసుగులు అన్నిచోట్లా సమానంగా పరుచుకుని లేవని తెలుస్తుంది. తల్లిదండ్రులమీదకు నింద రాగల ప్రతి చోటా రచయిత ఒకటికి రెండు కారణాలు సమకూర్చి పెట్టాడు. ఆ నింద భయం లేని చోట్ల, ముఖ్యంగా దొంగలు దెబ్బలు తినే ఘట్టాల్లోనూ, కుటుంబం తిరిగి కలిసిన తరువాతి ఘడియల్లోనూ, ఆ శ్రద్ధ కనిపించదు. ఏ లొసుగు పూడ్చాలి, ఏది వదిలేసినా ఫరవాలేదు అన్న నిర్ణయం వెనుక ప్రేక్షకుడు ఎవరిని క్షమించాలి అన్న లెక్క ఉంది. కెవిన్ తల్లి కేట్‌ను ప్రేక్షకుడు క్షమించకపోతే ఇది హాస్య చిత్రంగా నిలబడదు.

అసలు లొసుగు అని దేన్ని అనాలో ముందే తేల్చుకోవడం మంచిది. కథ తాను పెట్టిన నియమాన్ని తానే మీరితే అది లొసుగు. కథ చెప్పకుండా దాటవేసినది జవాబు లేని ప్రశ్న మాత్రమే. నిజజీవితంలో జరగనిది తెరమీద జరగడం ఈ రెండింటిలో ఏదీ కాదు. అది ఆ తరహా సినిమాకు ప్రేక్షకుడు ముందే ఒప్పుకున్న స్వేచ్ఛ.

అన్నింటికన్నా పెద్ద ప్రశ్న మొదటిదే. పదిహేను మంది ఉన్న ఇంట్లో ఒక పిల్లవాడు తగ్గితే ఎవరికీ ఎలా తెలియలేదు? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి స్క్రీన్‌ప్లే మొదటి భాగంలో చాలా వంతు ఖర్చయింది. రాత్రి గాలివానకు చెట్టు కొమ్మ విరిగి తీగలమీద పడుతుంది, కరెంటు పోతుంది, అలారం గడియారం ఆగి మళ్ళీ మొదటికి వస్తుంది, ఇంటిల్లిపాదీ ఆలస్యంగా నిద్రలేస్తారు. ఆ తొందరే తరువాతి పొరపాట్లన్నింటికీ మూలం. అయితే తొందర ఒక్కటే సరిపోదని రచయితకు తెలుసు. ఎంత తొందరలో ఉన్నా పిల్లలను లెక్కపెట్టుకోని తల్లిని ప్రేక్షకుడు ఒప్పుకోడు. అందుకే లెక్క జరుగుతుంది, జరిగి తప్పుతుంది.

ఆ లెక్కపెట్టే సన్నివేశాన్ని దగ్గరగా చూడాలి. ఇంటి ముందు రెండు వ్యాన్లు నిలబడి ఉంటాయి. ఎదురింటి మర్ఫీల పిల్లవాడు మిచ్ అక్కడికి వచ్చి డ్రైవర్‌ను వ్యాన్ గురించి వరసగా ప్రశ్నలతో విసిగించి, ఆపైన వ్యాన్‌లోని సామాన్లలోకి తల దూర్చి వెతుకుతుంటాడు. లెక్క బాధ్యత పెద్దపిల్ల హెదర్‌కు అప్పగిస్తారు. ఆమె ఒక్కొక్కరినీ తాకుతూ లెక్కపెడుతుంటే కెవిన్ అన్న బజ్ మధ్యలో ఏవేవో అంకెలు అరుస్తూ ఆమెను తడబెడతాడు. మిచ్ ముఖం అటు తిరిగి ఉంటుంది కాబట్టి హెదర్ వాడి తలను కూడా లెక్కలో వేసుకుంటుంది. తనతో కలిపి పదకొండు మంది పిల్లలు, ఐదుగురు అబ్బాయిలు, ఆరుగురు అమ్మాయిలు, నలుగురు పెద్దలు, ఇద్దరు డ్రైవర్లు అని ఆమె చెప్పే లెక్కలో మొత్తమే కాదు, అబ్బాయిల సంఖ్య కూడా సరిపోతుంది. వచ్చినది అమ్మాయి అయి ఉంటే మొత్తం కలిసినా విడివిడి లెక్క తప్పేది. మిచ్‌ను అబ్బాయిగా, దాదాపు కెవిన్ ఈడువాడిగా పెట్టడంలోనే ఆ జాగ్రత్త ఉంది. తప్పు తల్లిది కాదు, లెక్కది. లెక్క తప్పు కూడా హెదర్‌ది కాదు, ఎదురింటి పిల్లవాడి కుతూహలానిది. ఇలా నింద చేతులు మారుతూ పోయి చివరికి ఎవరిమీదా నిలవదు.

పక్కన పడుకున్నవారికైనా కెవిన్ గుర్తుకు రాడా అన్న ప్రశ్నకు కూడా ముందురాత్రే జవాబు పడింది. బజ్‌తో గొడవపడిన కెవిన్‌ను తల్లి పై అంతస్తులోని అటక గదికి పంపుతుంది. అక్కడ వాడితోపాటు పడుకోవలసినవాడు పినతండ్రి కొడుకు ఫుల్లర్. పక్క తడుపుతాడు కాబట్టి వాడితో పడుకోనని కెవిన్ అంటే, అలాగే, వాణ్ని ఇంకెక్కడైనా పడుకోబెడతామని కేట్ అంటుంది. వినడానికి మామూలు సంసారపు మాటలాగే ఉన్న ఆ ఒక్క వాక్యంతో ఉదయాన కెవిన్‌ను నిద్రలేపగల ఏకైక వ్యక్తి ఆ గదినుంచి తప్పుకున్నాడు. మూడో అంతస్తులో వాడు ఒంటరిగా పడుకున్నాడు కనుక కింది హడావుడి వినిపించలేదన్నది నమ్మదగినదే.

ఇక విమానం టికెట్టు సంగతి. గేటు దగ్గర ఒక టికెట్టు మిగిలిపోతే ఎవరైనా అడుగుతారు కదా? ముందురాత్రి పిజ్జా గొడవలో పాలు ఒలికి బల్లమీది పాస్‌పోర్టులు, టికెట్లు తడుస్తాయి. తండ్రి పీటర్ కాగితపు రుమాళ్ళతో వాటిని తుడిచి, తడిసిన చెత్తనంతా బుట్టలో పడేస్తాడు. ఆ చెత్తతో పాటు ఒక టికెట్టు కూడా బుట్టలోకి వెళ్ళడం రెప్పపాటు సేపు తెరమీద కనిపిస్తుంది. మొదటిసారి చూసినవారిలో దాన్ని గమనించేవారు అరుదు. గమనించకపోయినా కథ నడుస్తుందని తెలిసీ ఆ షాట్ తీశారు. ఆ తరువాత విమానంలో పెద్దలు ఫస్ట్ క్లాసులోనూ పిల్లలు వెనక ఎకానమీలోనూ కూర్చుంటారు. దొరికిన విడి సీట్లలో ఎవరికి వారు సర్దుకోవడంతో ఎవరు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. కడుపునిండా తిని సుఖంగా కూర్చున్న పినతండ్రి ఫ్రాంక్ కన్నా, ఏదో మరచిపోయానన్న అనుమానంతో సీట్లో కుదురుగా కూర్చోలేని కేట్‌కే ఈ దృశ్యంలో ప్రేక్షకుడి జాలి దక్కుతుంది. గ్యారేజీ తలుపు వేశామా, ఇంకేమి మరచిపోయాం అని ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఆమె కెవిన్ పేరు అరుస్తుంది. మరచిపోయింది ఆమే అయినా, గుర్తు తెచ్చుకున్నది కూడా ఆమే.

ఇన్ని చెప్పినా ఒక్క చిన్న చీలిక మిగిలింది. అంతర్జాతీయ ప్రయాణంలో ఎయిర్‌లైన్స్ వారు ప్రయాణికుల పత్రాలు చూస్తారు; పదిహేను మంది పేర్లమీద సీట్లు తీసుకున్న బృందంలో పద్నాలుగు మందే ఎక్కినప్పుడు ఆ తేడా ఎవరి కంటనైనా పడాలి. గేటు మూసే క్షణంలో పరుగెత్తి వచ్చారు, కట్టగా టికెట్లు అందించారు అన్న కారణంతో సినిమా దీన్ని దాటించింది. 1990 నాటి కాగితపు టికెట్ల రోజులు కనుక ప్రేక్షకుడు పట్టించుకోడు గాని, నిక్కచ్చిగా చూస్తే ఈ మొదటి భాగంలో పూర్తిగా పూడని చోటు ఇదొక్కటే.

పిల్లవాడు సాయం ఎందుకు అడగలేదన్న రెండో పెద్ద ప్రశ్నకు కూడా ఇలాంటి శ్రద్ధతోనే జవాబులు అల్లారు. నిద్రలేచిన కెవిన్ ఇల్లంతా వెతికి గ్యారేజీలోకి వెళ్తే అక్కడ కార్లు ఉంటాయి. కార్లు ఇక్కడే ఉన్నాయంటే వాళ్ళు విమానాశ్రయానికి వెళ్ళలేదని వాడు తేల్చుకుంటాడు. ముందురాత్రి తన వాళ్ళందరూ మాయమైపోవాలని కోరుకున్నాడు కాబట్టి ఆ కోరికే నిజమైందని నమ్ముతాడు. కుటుంబం అద్దె వ్యాన్లలో వెళ్ళడం లెక్క తప్పడానికే కాక, పిల్లవాడి తప్పుడు తర్కానికి కూడా ఆధారమైంది. ఒకే ఏర్పాటుతో రెండు చిక్కులు విప్పడం మంచి రచనకు గుర్తు.

పోలీసులంటే వాడికి నమ్మకం ఎందుకు లేదో కూడా తెలుస్తుంది. ప్రయాణానికి ముందురాత్రి పోలీసు దుస్తుల్లో ఇంటికి వచ్చి, ఎవరెవరు ఎప్పుడు వెళ్తున్నారో ఆరా తీసిన మనిషి దొంగల్లో ఒకడైన హ్యారీ. అతని బంగారు పన్ను కెవిన్ చూశాడు. తరువాత వీధిలో వ్యాన్ తగలబోయినప్పుడు అదే పన్ను మెరిస్తే గుర్తుపడతాడు. పోలీసే దొంగ అని తెలిసిన పిల్లవాడు పోలీసులకు ఫోన్ చేయకపోవడంలో వింతేమీ లేదు. దానికి తోడు దుకాణంలో పొరుగింటి ముసలాయన మార్లీని చూసి బెదిరి, డబ్బు ఇవ్వకుండా టూత్‌బ్రష్‌తో పారిపోయి, తాను కూడా నేరస్థుడినే అనుకుంటాడు. మార్లీ అంటే ఆ భయం బజ్ చెప్పిన కట్టుకథ వల్ల పుట్టింది. సూపర్‌మార్కెట్‌లో 19.83 డాలర్ల సరుకులు కొన్నప్పుడు కౌంటరు దగ్గరి అమ్మాయి ఒక్కడివే వచ్చావా అని అడుగుతుంది. అడగకపోతే అది లొసుగయ్యేది. ఎనిమిదేళ్ళవాణ్ని, ఒక్కణ్నే వస్తానా అని ఎదురు ప్రశ్న వేసి, అమ్మ కారులో ఉందని చెప్పి, ఎక్కడ ఉంటావంటే మీరు అపరిచితులు కాబట్టి చెప్పనని తేల్చేస్తాడు. పెద్దలు పిల్లలకు నేర్పిన జాగ్రత్తే ఇక్కడ పెద్దల సాయం అందకుండా అడ్డుపడింది. ఈ సన్నివేశం నవ్వు తెప్పిస్తూనే కథకు అవసరమైన పని చేసిపెడుతుంది.

చిత్రంలోని అసలైన లొసుగు టెలిఫోను దగ్గర ఉంది. ప్రయాణం ఉదయాన తీగలు బాగుచేసే మనిషి కేట్‌తో, కరెంటు వచ్చింది గాని ఫోన్ లైన్లు బాగా దెబ్బతిన్నాయని, పండుగ రోజులు కనుక బాగయ్యేసరికి రెండు మూడు రోజులు పట్టవచ్చని చెబుతాడు. ఈ మాట లేకపోతే సినిమాయే లేదు. విమానంలో తెలిసిన మరుక్షణం కేట్ ఫోన్ చేయించి, పది నిమిషాల్లో పిల్లవాడితో మాట్లాడేసేది. కాబట్టి ఫోన్ పనిచేయకపోవడం ఈ కథ పెట్టుకున్న మూల నియమం. ఆ నియమాన్ని కథే కొన్నిచోట్ల మీరింది.

దొంగలు కెవిన్ ఒంటరివాడని కనిపెట్టకముందే వాడు 11.80 డాలర్ల పిజ్జా తెప్పించుకుంటాడు. ఆర్డరు ఎలా ఇచ్చాడు? బయటినుంచి వచ్చే కాల్స్ మాత్రమే ఆగిపోయాయనో, దూరప్రాంతపు కాల్స్ మాత్రమే అందడం లేదనో అభిమానులు సర్దిచెబుతుంటారు. ఆ వివరణకు చిత్రంలోనే ఎదురు సాక్ష్యం ఉంది. దొంగలు మర్ఫీల ఇంట్లో దోపిడీ చేస్తుండగా అక్కడి ఆన్సరింగ్ మెషీన్‌లో పీటర్ గొంతు వినిపిస్తుంది. కెవిన్ క్షేమం కనుక్కోవడానికి అతను పారిస్ నుంచి చేసిన కాల్ అది. అంటే ఆ వీధికి విదేశాల నుంచి కూడా కాల్స్ వస్తున్నాయి. కొమ్మ పడి తెగింది మెకాలిస్టర్ల ఇంటి తీగ ఒక్కటే అనుకుంటే ఈ ఆన్సరింగ్ మెషీన్ సంగతి సర్దుకుంటుంది; స్తంభం నుంచి ఒక ఇంటికి వచ్చే తీగ తెగి పక్క ఇంటి తీగ బాగుండటం మామూలే. అప్పుడు పిజ్జా సంగతి మరింత ఇరుకున పడుతుంది. తెగిన తీగ మీద లోపలికి రాని కాల్ బయటికీ పోదు.

పిజ్జా నాటికి తీగ బాగైపోయిందని అనుకోవచ్చు. మరమ్మతు మనిషి చెప్పిన గడువు అప్పటికి ఇంచుమించు పూర్తవుతోంది. క్రిస్మస్ ముందురాత్రి కెవిన్ ఆ ఇంటినుంచే పోలీసులకు ఫోన్ చేస్తాడు కాబట్టి లైను ఎప్పుడో ఒకప్పుడు బాగైన మాట నిజం. ఇలా ఒక ప్రశ్న తీరితే ఇంకొకటి, మరింత బరువైనది, పుడుతుంది. లైను బాగైతే పారిస్‌లో కూర్చున్న పీటర్ మళ్ళీ ఎందుకు ప్రయత్నించలేదు? చిరునామాల పుస్తకంలోని పేర్లన్నింటికీ వరసగా ఫోన్లు చేసిన కుటుంబం సొంత ఇంటి నంబరుకు మరోసారి చేయకుండా ఉంటుందా? ఇక్కడ మాత్రం రచయిత తల్లిదండ్రులను కాపాడే పని మధ్యలో వదిలేశాడు. కేట్ విమానాశ్రయాల్లో తిరుగుతూ కనిపిస్తుంది కనుక ఆమె ప్రయత్నం ముందు పీటర్ ఊరుకోవడం మరుగున పడిపోతుంది. ప్రేక్షకుడు కేట్ ప్రయాణాన్ని చూస్తూ ఫోన్‌ను మరచిపోతాడన్న భరోసా మీద ఈ భాగమంతా నడిచింది. ఆ భరోసా ఫలించింది. అయినా లొసుగు లొసుగే.

పోలీసుల విషయంలో కేట్ చేయవలసింది చేసింది. పారిస్ నుంచి ఫోన్ చేస్తే ఒక విభాగం నుంచి మరో విభాగానికి మార్చి, చివరికి ఒక అధికారిని ఇంటికి పంపుతారు. అతను తలుపు తడతాడు, కెవిన్ భయపడి దాక్కుంటాడు, ఇంట్లో ఎవరూ లేరని, వాళ్ళను పిల్లల్ని మళ్ళీ లెక్కపెట్టుకోమనండని చెప్పి వెళ్ళిపోతాడు. ఇంటి లోపలికి వెళ్ళి చూడకపోవడం వ్యవస్థ నిర్లక్ష్యమే తప్ప కథ లోపం కాదు. అయితే ఆ తరువాత ఎవరూ రెండోసారి రాకపోవడం, కుటుంబం కూడా రెండోసారి పోలీసులమీద ఒత్తిడి తెచ్చినట్టు చూపకపోవడం ఫోన్ లొసుగుకు జతగా నిలిచిపోయాయి.

కేట్ తిరుగు ప్రయాణం మీద వచ్చే విమర్శలు చాలావరకు లెక్కకు నిలవవు. ఒక వృద్ధ దంపతులకు డబ్బు, నగలు ఇచ్చి టికెట్టు సంపాదించిన ఆమె పారిస్ నుంచి డాలస్‌కు, అక్కడినుంచి పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌కు చేరి, విమానం దొరక్క, జాన్ క్యాండీ పోషించిన పోల్కా సంగీత బృందం నాయకుడి అద్దె వ్యాన్‌లో రాత్రంతా ప్రయాణించి ఇల్లు చేరుతుంది. స్క్రాంటన్ నుంచి చికాగోకు రోడ్డు మీద సుమారు 1150 కిలోమీటర్లు. పదకొండు, పన్నెండు గంటల దారి. పైగా చికాగో గడియారం స్క్రాంటన్ కన్నా ఒక గంట వెనక ఉంటుంది కనుక ఆ గంట కలిసివస్తుంది. ముందు సాయంత్రం బయలుదేరితే క్రిస్మస్ ఉదయానికి చేరడం సాధ్యమే. వింతగా ఉన్నది స్క్రాంటన్ ఎంపిక. డాలస్‌లో చికాగో విమానం దొరకని మనిషి చికాగోకు 150 కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న మిల్వాకీకో, కారులో మూడు గంటల దారి అయిన ఇండియానాపొలిస్‌కో ప్రయత్నించకుండా అంత తూర్పుకు ఎందుకు వెళ్తుంది? దొరికిన మొదటి విమానం ఎక్కేసిందని సరిపెట్టుకోవాలి. తాను ఎక్కడున్నానో కూడా తెలియని స్థితిలో ఆమె కౌంటరు దగ్గర ఊరి పేరు అడిగే సన్నివేశం ఆ సర్దుబాటుకు కొంత బలం ఇస్తుంది.

ఆమె ఇల్లు చేరిన కొద్ది క్షణాలకే పీటర్, మిగిలిన పిల్లలు కూడా వచ్చేస్తారు. నువ్వు ఆగలేనన్న ఉదయపు విమానంలోనే వచ్చామని పీటర్ అంటాడు. పారిస్‌లో ఉదయం బయలుదేరి చికాగోకు ఉదయాన్నే ఎలా వస్తారని చాలామంది అడుగుతారు. పారిస్ గడియారం చికాగో కన్నా ఏడు గంటలు ముందుంటుంది, ప్రయాణం దాదాపు తొమ్మిది గంటలు. అంటే గడియారం ప్రకారం రెండు గంటలే గడుస్తాయి. పెందలాడే బయలుదేరిన విమానం చికాగోలో ఉదయం తొమ్మిది ప్రాంతానికి దిగితే, తనిఖీలు ముగించుకుని ఇల్లు చేరేసరికి ఇంకా పొద్దు నడినెత్తికి రాదు. కొంచెం బిగుతుగా ఉన్నా ఇది లొసుగు కాదు. అన్ని కష్టాలు పడిన తల్లికి, ఆగి సుఖంగా వచ్చిన తండ్రికి మధ్య తేడా నిమిషాలే అని చూపడం కొంత క్రూరంగా అనిపించినా, ముందు గుమ్మంలో అడుగుపెట్టింది ఆమె కావడమే కథకు కావలసింది.

దొంగలకు పెట్టిన ఉచ్చుల విషయంలో ఎక్కువ చర్చ అక్కరలేదు. మెట్లమీద మంచు, ముఖంమీద పడే ఇస్త్రీపెట్టె, తాళ్ళకు వేలాడి వచ్చే రంగు డబ్బాలు, తల కాల్చే బర్నర్ నిజంగా తగిలితే మనిషి బతకడం కష్టమని అందరికీ తెలుసు. ఎర్రగా మెరిసే తలుపు పిడి ఒక్కటే ఆలోచింపజేస్తుంది. లోహం కంటికి కనిపించేంత ఎర్రబారాలంటే సుమారు 525 డిగ్రీల సెల్సియస్ దాటాలి. ఆ వేడికి పిడి చుట్టూ ఉన్న చెక్క తలుపు కాలిపోవాలి. ఇక్కడ ఎవరూ దానికి కారణం చెప్పే ప్రయత్నం చేయలేదు, చేయనవసరం లేదనే అనుకున్నారు. దెబ్బ తినేది దొంగ. అతని బాధకు ఎవరినీ క్షమించవలసిన పని లేదు కాబట్టి ఇక్కడ నమ్మకం కన్నా నవ్వే ముఖ్యమైంది. మరో సందేహం వ్యవధి గురించి. తొమ్మిది గంటలకు వస్తామని దొంగలు అనుకోవడం విన్న కెవిన్, శాంటా వేషగాణ్ని కలిసి, చర్చిలో మార్లీతో చాలాసేపు మాట్లాడి, అప్పుడు ఇంటికి పరుగెత్తి ఇల్లంతా ఉచ్చులు బిగిస్తాడు. ఆపైన గడియారం తొమ్మిది కొట్టేవేళకు భోజనం ముందు కూర్చుంటాడు కూడా. ఇందులో ఏ ఒక్కటీ అసాధ్యం కాకపోయినా అన్నీ కలిస్తే ఒక సాయంత్రంలో ఇమడవు. చిన్న చిన్న దృశ్యాలను వేగంగా పేర్చిన మాంటాజ్‌లో కాలం ఎంత గడిచిందో తెలియకపోవడం దర్శకుడికి అక్కరకొచ్చింది.

ఇంత పెద్ద ఇల్లు, ఇందరి ప్రయాణం పెట్టుకోవడానికి పీటర్ ఏం ఉద్యోగం చేస్తాడన్నది ఎడతెగని చర్చ. చిత్రం చెప్పలేదు; కథకు అక్కరలేదు కూడా. ప్రయాణం ఖర్చు మాత్రం పారిస్‌కు బదిలీ అయిన పీటర్ సోదరుడు భరిస్తున్నాడని కేట్ పోలీసు వేషంలో ఉన్న హ్యారీతోనే చెబుతుంది. ఇంట్లో కనిపించే దర్జీ బొమ్మలను బట్టి కేట్ దుస్తులు రూపొందించే వృత్తిలో ఉందని ఊహించవచ్చు. ఆ బొమ్మలతోనే కెవిన్ ఇంట్లో విందు జరుగుతున్నట్టు దొంగలను భ్రమింపజేస్తాడు.

జవాబు లేని ప్రశ్నల్లో బరువైనవన్నీ చివరి పది నిమిషాల్లో పోగుపడ్డాయి. రాత్రి అంత యుద్ధం జరిగిన ఇల్లు తెల్లారేసరికి అద్దంలా ఉంటుంది. పగిలిన గాజు అలంకారాలు, నేలమాళిగ మెట్లకు పూసిన తారు, కాలిన తలుపు, ఈకలు ఏవీ కనిపించవు. కెవిన్ రాత్రంతా ఊడ్చి ఉండవచ్చు, గాని తారు ఊడిస్తే పోయేది కాదు. తండ్రికి నేలమీద హ్యారీ బంగారు పన్ను దొరికితే అదేమిటో తెలియక చూస్తాడు. ఏం చేశావు ఇన్నాళ్ళూ అని అడిగితే సరుకులు తెచ్చానని కెవిన్ చెబుతాడు. తల్లిదండ్రులకు నిజం తెలియకపోవడం పిల్లవాడి గెలుపుకు ఒక గుట్టు కల్పించింది. నిజం తెలిస్తే మాత్రం ఆ కౌగిలింత అంత తేలికగా ఉండేది కాదు. ప్రాణాపాయం నుంచి బయటపడిన కొడుకు ముందు క్షమాపణ అడగడం వేరు, ఒంటరిగా పండుగ గడిపిన కొడుకు ముందు అడగడం వేరు. రచయిత రెండోదాన్నే ఎంచుకున్నాడు. కేట్‌కు దక్కిన క్షమ ఆమెకు పూర్తిగా తెలియని తప్పుకు దక్కింది. మొదటి అరగంటలో అంత జాగ్రత్తగా పూడ్చిన నింద ఇక్కడ మళ్ళీ తలెత్తకుండా, నిజాన్నే దాచేశారు.

మార్లీ సంగతి మరింత ఇబ్బందికరమైనది. మర్ఫీల ఇంట్లో దొంగల చేతికి చిక్కిన పిల్లవాణ్ని పారతో కొట్టి కాపాడిన ఆ ముసలాయన వాణ్ని ఇంటికి చేరుస్తాడు. ఆ రాత్రివేళ ఇంట్లో పెద్దలెవరూ లేరని ఆయనకు తెలియకుండా ఉంటుందా? తెలిస్తే ఎనిమిదేళ్ళవాణ్ని ఒంటరిగా వదిలి వెళ్తాడా? చెడిపోయిన తన సంబంధాలను కొడుకుతో బాగుచేసుకోమని పిల్లవాడి నోట సలహా విన్న మనిషి, ఆ పిల్లవాడి కుటుంబం ఎక్కడుందని అడగకపోవడం ఆయన పాత్రకే పొసగదు. చిత్రంలో అత్యంత గంభీరమైన పాత్రను చివర్లో కథ అవసరానికి మౌనంగా ఉంచేశారు. పిజ్జా లొసుగు కన్నా ఇది పెద్దది. దాని గురించి మాట్లాడేవారు మాత్రం తక్కువ.

చట్టం ఊసు కూడా ఇందులో రాదు. 1992 డిసెంబరులో ఇదే ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక జంట తమ ఇద్దరు చిన్నపిల్లలను ఇంట్లో వదిలి మెక్సికో విహారానికి వెళ్ళి అరెస్టయినప్పుడు పత్రికలు ఆ ఉదంతాన్ని ఈ సినిమా పేరుతోనే పిలిచాయి. పిల్లలను తగిన పర్యవేక్షణ లేకుండా అనుచితమైనంత కాలం వదిలితే దాన్ని నిర్లక్ష్యంగా పరిగణించే నిబంధన ఇప్పుడు ఆ రాష్ట్రంలో ఉంది. మెకాలిస్టర్లు కావాలని వదలలేదు కనుక ఆ జంటతో పోల్చడం సరికాదు. అయినా పారిస్ నుంచి ఒక తల్లి పిల్లవాడు ఒంటరిగా ఉన్నాడని ఫిర్యాదు చేశాక, అదే వీధిలో ఇద్దరు దొంగలు దొరికిన రాత్రి, ఆ రెండింటినీ కలిపి చూడవలసిన బాధ్యత స్థానిక పోలీసులమీద ఉంది.

వాళ్ళ ముందున్న ఆధారాలు తక్కువేమీ కాదు. కెవిన్ ఫోన్ చేసినప్పుడు తన పేరు మర్ఫీ అని, తమ ఇంట్లో దొంగలు పడ్డారని చెప్పి మర్ఫీల చిరునామా ఇస్తాడు. తాను ఒంటరినన్న నిజం దాచి, దొంగలను ఆ ఇంటికి రప్పించి పట్టించాలన్నది వాడి పథకం. అది చక్కగా పారింది కూడా. పోలీసులు వచ్చేసరికి దొంగలు నీళ్ళతో నిండిన ఆ ఇంట్లో స్పృహ లేకుండా దొరుకుతారు. వెళ్ళిన ప్రతి ఇంట్లో కుళాయిలు విప్పి వదిలే రెండో దొంగ మార్వ్ అలవాటు వల్ల వాళ్ళు దోచిన ఇళ్ళన్నీ తెలిసిపోయాయని ఒక పోలీసు అంటాడు కూడా. ఇళ్ళ లెక్క అంత తేలికగా తేల్చిన పోలీసులకు మర్ఫీల కుటుంబం ఫ్లోరిడాలో ఉందని తెలియడానికి ఎంతోసేపు పట్టదు. అప్పటికే అమెరికాలోని అనేక నగరాల్లో అత్యవసర నంబరుకు వచ్చే కాల్ ఏ ఇంటినుంచి వచ్చిందో అధికారులకు తెరమీద కనిపించే ఏర్పాటు ఉంది. అది లేకపోయినా, యజమానులు ఊళ్ళో లేని ఇంటి పేరు చెప్పి ఒక పిల్లవాడి గొంతు సాయం అడిగిందన్న సంగతి రికార్డులో ఉంది. ఆ ఇద్దరు దొంగలను కొట్టి పడేసిందెవరో, ఫోన్ చేసిన ఆ పిల్లవాడు ఎవరో ఆ రాత్రి ఏ అధికారీ అడగడు. మర్ఫీలు తిరిగి వచ్చి నీళ్ళలో నానిన తమ ఇంటిని చూసుకున్నాకైనా ఎవరో ఒకరు ఎదురింటి తలుపు తట్టి అడిగే ఉంటారు.